ముందావిడ పేరు

కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలో మా విల్లా వెనక గేటు దగ్గర, చెత్త డబ్బాలు పెట్టే చోట కాస్త నీడ ఉంటుంది. ఆ వీధిలో పనిచేసే తెలుగువాళ్లం కాసేపు మనుషుల్లా మాట్లాడుకునేది అక్కడే. కిందటేడు పిల్లల సెలవుల్లో మా యజమానులు ఓడ ప్రయాణానికి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్తున్నారని తెలిసి, మా ఇంటి డ్రైవరు నన్ను ఆ నీడలోనే పట్టుకున్నాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె, నాది కోనసీమ.

“ఏందక్కా, షిప్పెక్కుతున్నవంట! ఇగ మేమేడ యాదికుంటం నీకు?”

“ఎక్కుతన్నాను తమ్ముడూ, ఆయ్. ముసలావిడ కుర్చీ తొయ్యడానికి మనిషి కావాలి గదా మరి. ఆ కుర్చీకి టిక్కెట్టు తీసి, దాని ఎనకాల నాకూ ఓటి తీశారు.”

“ఏ సముద్రమక్కా?”

“కరీబియనంట. ఎక్కడుందో నాకేం తెల్సు. ముందు అమెరికా ఎళ్లి, అక్కణ్ణించి ఓడంట.”

అతను ఈల వేసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఓడ అనగానే అతని కళ్ల ముందు సినిమాలో పాట కదులుతోంది. నాకు మాత్రం ఇస్త్రీ చేయాల్సిన బట్టలు, సర్దాల్సిన మందుల డబ్బాలు కనిపిస్తున్నాయి.

మామా అంటే మా ఇంటి యజమానురాలు. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం అందరం అలాగే పిలుస్తాం. ఆమె అత్తగారు పెద్ద మామా. మోకాళ్లు పూర్తిగా పోయాయి, చక్రాల కుర్చీలోనే ఉంటుంది. నన్ను తెచ్చుకున్నది ఆవిడ కోసమే. స్నానం, మందులు, నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడగడం, మధ్యాహ్నం పూట పిక్కలకి నూనె రాయడం, అన్నీ నావే. ఆవిడ అరబ్బీ, నా అరబ్బీ కలిసి ఎక్కడో మధ్యలో రాజీ పడ్డాయి. తిడుతుంది, తిట్టిన కాసేపటికే పిలిచి ఖర్జూరం నోట్లో పెడుతుంది. ఆవిడంటే నాకు ఇష్టమే. ఒళ్లు అలిసిపోయిన రోజున మాత్రం ఆవిడా బరువే. అబద్ధం చెప్పడం దేనికి.

ఆ ఇంట్లో నాకో పేరుంది. అది నా పేరు కాదు. నేను వచ్చిన రోజున మామా నా పాస్‌పోర్టు తెరిచి, పేరు చూసి, ఓసారి పెదాలు కదిపి మూసేసింది. కష్టంగా ఉంది, నిన్ను ఇలా పిలుస్తాం అంటూ, నాకంటే ముందు అక్కడ పనిచేసి వెళ్లిపోయిన శ్రీలంక ఆవిడ పేరు చెప్పింది. ఆవిడ మంచం నాకిచ్చారు. ఆవిడ చెప్పులిచ్చారు. వంటింట్లో ఆవిడ కట్టుకున్న ఏప్రన్ ఇచ్చారు. వాటితో పాటే పేరు కూడా. చెప్పులు కాస్త పెద్దవయ్యాయి, పేరు మాత్రం సరిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. మా వీధిలో చాలామంది ఆడవాళ్లు ముందువాళ్ల పేర్లతోనే బతుకుతున్నారు. ఆ మాటకొస్తే మన ఊళ్లో మాత్రం పెళ్లయ్యాక నన్ను పేరు పెట్టి ఎవరు పిలిచారు గనక? వదినా, పిన్నీ, ఏవమ్మా, ఫలానా పిల్ల వాళ్లమ్మా. కానీ అవి నా వరసలు, నాకోసం పుట్టిన పిలుపులు. ఇది ఇంకొకావిడ విడిచిన గుడ్డ. మొదట్లో ఒళ్లు మండేది. రానురాను ఒళ్లు మండడం కూడా ఇంకో పనే అనిపించి మానేశాను. ఇక్కడ నా పేరూ రాయను, ఆవిడ పేరూ రాయను.

కాగితాల సంగతి కూడా అంతే. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, అన్నీ మామా దగ్గరే. అలా ఉంచుకోకూడదని ఇక్కడ చట్టమే ఉందని డ్రైవరు ఎవరి దగ్గరో విని చెప్పాడు. ఉండే ఉంటుంది. ఇండియా వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో పాస్‌పోర్టు నా చేతికొస్తుంది. తిరిగొచ్చి ముద్ర పడగానే మామా చెయ్యి చాపుతుంది, నేను అందులో పెడతాను. ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోం. అమెరికా వీసా కోసం వెళ్లినప్పుడు, నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది అని కిటికీ అవతలి మనిషి అడిగాడు. నా దగ్గరే అన్నాను. మామా కారులో నేర్పిన జవాబు అది.

ఓడని వర్ణించమంటే నా వల్ల కాదు. నేను చూసింది లిఫ్టులు, ర్యాంపులు, బాత్రూములు. నాకూ పెద్ద మామాకూ కలిపి కిటికీ లేని గది ఒకటి ఇచ్చారు. సముద్రం మీద ఉన్నామని నాకు తెలిసేది ఆవిడ మందు నీళ్లు గ్లాసులో అటూ ఇటూ ఊగినప్పుడే.

మొదటి ఊళ్లో ఆగేముందు అందర్నీ ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి, రేవులో దిగేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పారు. నాకు అర్థం కాదని మామా నా వైపు వంగి అరబ్బీలో చెప్పింది. బంగారం వేసుకోవద్దు. బ్యాగు ముందువైపు తగిలించుకో. బజారు వీధి దాటి లోపలికి వెళ్లొద్దు. బోర్డు లేని టాక్సీ ఎక్కొద్దు. తెలియనివాళ్లు ఏదైనా ఇస్తే తాగొద్దు. మగవాళ్లు పలకరిస్తే ఆగొద్దు.

నాకు నవ్వాగలేదు. కువైట్‌లో దిగిన రోజున నాకు చెప్పినవీ ఇవే. గేటు దాటొద్దు, ఫోన్ నెంబరు ఎవరికీ ఇవ్వొద్దు, డెలివరీ కుర్రాళ్లతో మాటలు పెట్టుకోవద్దు. ఇన్నేళ్లుగా నేను రేవులో దిగిన మనిషిలాగే బతుకుతున్నాను. ఆ హాల్లో నా అంత తర్ఫీదైన ప్రయాణికురాలు ఇంకొకరు ఉండరు.

చివర్లో తెర మీద ఓడ కార్డు బొమ్మ వేశారు. ప్లాస్టిక్‌ది, బ్యాంకు కార్డులా ఉంటుంది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ అదే చూపించాలి. అది ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోండి అని మైకులో రెండుసార్లు చెప్పారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. మామా ఆ మాట నాకు అనువదించలేదు. కావాలని మానేసిందని నేననుకోను. అది నాకు వర్తించే మాట అని ఆమెకి తోచలేదు, అంతే.

మర్నాడు దిగాం. పెద్ద మామా గాజులు తీయనంది. నేను పోయాక తీసుకోండి అని చేతులు ఒంటి మీది నల్ల అబాయాలో దాచుకుంది. నేను మెళ్లో సూత్రాలు గౌను లోపలికి తోసి పిన్నీసు పెట్టుకున్నాను. ఓడ మెట్ల దగ్గర అందరి కార్డులూ మిషన్‌లో పెట్టి తీశారు. అవతల కాలు పెట్టగానే మామా చెయ్యి చాపింది. పిల్లలు పెట్టారు, పెద్ద మామా పెట్టింది, నేనూ పెట్టాను. జిప్పు మూసిన చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ముందు రోజే రెండుసార్లు విన్న మాట ఆ క్షణంలో గుర్తుకే రాలేదు. నా చెయ్యికి తెలిసిన పని అది, దానికి నన్ను అడగక్కర్లేదు.

మామా, ఆమె భర్త బాబా, పిల్లలు టూరు బస్సులో బీచికి వెళ్లారు. పెద్ద మామాని బజారు తిప్పి సాయంత్రం రేవు బయట గడియార స్తంభం దగ్గర ఉండమన్నారు. “యల్లా, ఇక కదలండి,” అని మామా బస్సెక్కింది.

బస్సు కదిలాక కుర్చీ బజారు వైపు తోశాను. ఒళ్లంతా జిడ్డుకారే ఉక్క, నేల మీద తడి వాసన, బజారు చివర కొబ్బరి చెట్లు. ఏళ్ల తరబడి దుమ్ము తుడిచిన మనిషిని, కొబ్బరాకు చప్పుడు విని అలాగే నిలబడిపోయాను. ఏమైంది అని పెద్ద మామా మోచేత్తో పొడిచింది. ఏం లేదు, మా ఊళ్లా ఉంది అన్నాను. “మీ ఊరు ఇంత మురికిగా ఉంటుందా?” అంది. ఉంటుంది అన్నాను.

బజారులో ఆవిడ దాల్చినచెక్క బేరమాడింది. ఆవిడ అరబ్బీలో తిట్టింది, అమ్మే ఆమె తన భాషలో తిట్టింది, ఇద్దరూ నవ్వుకున్నారు. నా నెత్తిన ఎండ పడుతోందని గడ్డి టోపీ ఒకటి కొని పెట్టింది. కాలిబాట మీదికి కుర్చీ ఎక్కకపోతే ఒకతను వచ్చి ముందు చక్రాలు ఎత్తాడు. నేను బ్యాగు గుండెలకి హత్తుకున్నాను. అతను అది చూసి, చేతులు దులుపుకుని, నవ్వుతూ వెళ్లిపోయాడు. నాకే సిగ్గేసింది.

సాయంత్రం గడియారం కింద నిలబడ్డాం. టూరు బస్సులు ఒక్కొక్కటే వచ్చాయి. మా వాళ్ల బస్సు రాలేదు. ఉన్నట్టుండి వాన దంచింది. పెద్ద మామా అబాయా తడిసి ముద్దయింది, పళ్లు టకటకలాడాయి. జనమంతా రేవు గేటు వైపు పరుగెడుతుంటే నేనూ కుర్చీ అటే తోశాను.

గేటు దగ్గర యూనిఫాంలో ఒకావిడ ఉంది. భారీ మనిషి, బిగుతుగా అల్లిన జడలు. ఒక్కొక్కరి కార్డు చూసి లోపలికి పంపుతోంది. మా వంతొచ్చింది.

“కార్డ్?”

లేదన్నాను. మేడం దగ్గర ఉంది అన్నాను. మేడం ఎక్కడ అంది. బీచ్ అన్నాను. ఆవిడ మమ్మల్ని పక్కకి జరగమని చెయ్యి చూపించింది. జనం మా పక్క నుంచి వెళ్తూనే ఉన్నారు. ఫోన్ ఉంది గానీ అందులో ఉన్నది కువైట్ సిమ్, దానికి అక్కడ ప్రాణం లేదు. లోపల ఓడ ఒకసారి కూసింది. అప్పుడు భయమేసింది నాకు. ఆ ఓడ వెళ్లిపోతే ఆ ఊరి పేరు కూడా నాకు నోరు తిరగదు. నేను ఫలానా అని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ నా దగ్గర లేదు. ముసలావిడని ఎలాగైనా పంపిస్తారు. నన్ను ఎక్కడికి పంపిస్తారు?

జనం పలచబడ్డాక ఆవిడ మళ్లీ వచ్చి నా పేరడిగింది. చెప్పాను. నా అసలు పేరు. ఎన్నాళ్లకి నోటితో పలికానో, ఎవరిదో పేరులా వినిపించింది. గది నెంబరు కూడా చెప్పాను. ఆవిడ ఓడకి ఫోన్ చేసింది. ఆ గదిలో ఒక ముసలావిడ, ఈ పేరు గల మనిషి ఉన్నారని అవతల నుంచి చెప్పినట్టున్నారు, తలాడించింది. బతికాననుకున్నాను.

ఆవిడ జాగ్రత్త గల మనిషి. పెద్ద మామా చేతులకున్న గాజులు చూసింది, నన్ను చూసింది. కుర్చీ ముందు వంగి, నా వైపు వేలు పెట్టి, “నేమ్?” అంది.

పెద్ద మామాకి ఆ మాట తెలుసు. ఏ మాత్రం తడుముకోకుండా ముందావిడ పేరు చెప్పింది.

గేటు ఆవిడ మళ్లీ అడిగింది. వినపడలేదేమోనని పెద్ద మామా ఇంకా గట్టిగా అదే పేరు చెప్పింది. నేను చెప్పిన పేరు గేటు ఆవిడే పలికి, ఇదా అని అడిగింది. కాదు, కాదు అని పెద్ద మామా విసుగ్గా తల అడ్డంగా తిప్పింది. పాపం, ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పింది.

గేటు ఆవిడ మొహం మారిపోయింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఒంటినిండా బంగారంతో భాష రాని ముసలావిడ, కుర్చీ తోసే మనిషి చెప్పే పేరొకటి, ముసలావిడ చెప్పే పేరింకొకటి. ఇద్దరి దగ్గరా కార్డుల్లేవు. ఏ మనిషి బారిన పడకండి అని ఆ హాల్లో అన్ని జాగ్రత్తలు చెప్పారో, ఆ మనిషిలా నేనే నిలబడ్డాను.

ఆవిడ కుర్చీ పిడి పట్టుకుని, నన్ను దూరంగా నిలబడమంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అంతే, పెద్ద మామా అరుపులు మొదలుపెట్టింది. పిడి మీద పడ్డ కొత్త చెయ్యిని చరిచింది, వెనక్కి తిరిగి నా మణికట్టు పట్టుకుంది. ముందావిడ పేరుతోనే నన్ను పిలుస్తోంది, ఎక్కడికీ వెళ్లొద్దంటోంది. ఆ పట్టు చూసి గేటు ఆవిడ ఆగింది.

నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను. అది ఇంట్లో పిలిచే పేరు, వాళ్లు పెట్టారు, నాకంటే ముందు పనిచేసిన ఆమెది అని చెప్పాను. వాళ్లు పెట్టారా అని అడిగింది. అవునన్నాను. ఆవిడ నా వంక చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా ఏదో చెప్పింది. గ్రాండ్‌మదర్ అన్నది అర్థమైంది, షిప్ అన్నది, నేమ్ అన్నది. మిగతాది నాకందలేదు. అయినా అడగాలనిపించలేదు. మమ్మల్ని రేకుల కిందకి తీసుకెళ్లి పెద్ద మామాకి తువ్వాలు ఇచ్చింది. గేటు మాత్రం తీయలేదు. కార్డు లేకుండా కుదరదంది.

అప్పుడొచ్చింది మామా, ఓడ వైపు నుంచి పరుగెత్తుకుంటూ, బ్యాగు ఎగురుతుండగా. బీచిలో చిన్నపిల్లకి వాంతులైతే బస్సు వాళ్లని ముందే తీసుకొచ్చి నేరుగా ఓడ దగ్గరే దింపిందట. మేము ఎప్పుడో ఎక్కేసి ఉంటామనుకుందట. మా గది తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే అప్పుడు బ్యాగు గుర్తొచ్చిందట. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి, గేటు తీయమని చెయ్యి ఊపింది.

గేటు ఆవిడ తీయలేదు. నన్ను చూపించి, ఈమె ఎవరు అంది.

మామా ముందావిడ పేరు చెప్పింది.

“రియల్ నేమ్,” అంది ఆవిడ.

మామా నోరు తెరిచింది. నా వైపు చూసింది. ఆ చూపులో మోసం లేదు, పరీక్షలో జవాబు మర్చిపోయిన పిల్ల చూపు అది. గబగబా జిప్పు లాగి, కార్డులన్నీ కిందా మీదా పడేసి, నా బొమ్మ ఉన్నది వెతికి తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రెండు చోట్ల విరిగింది. అయినా అది నా పేరే. ఆమె నోట మొదటిసారి విన్నాను. ఏడుపొచ్చింది, దిగమింగుకున్నాను.

“ఏంటది?” అంది పెద్ద మామా.

“ఆమె పేరు,” అంది మామా.

పెద్ద మామా తల పైకెత్తి నన్ను చూసింది. “నీకు వేరే పేరుందా?”

ఉంది అన్నాను. గేటు ఆవిడ మామా చేతిలోంచి కార్డు తీసుకుని, బొమ్మతో నా మొహం సరిచూసి, దాన్ని మామాకి కాకుండా నా చేతికిచ్చింది. గేటు తీసింది. ఓడ దాకా వెళ్లేలోపు మామా “ఖలాస్, ఖలాస్, అయిపోయింది కదా” అంటూనే ఉంది. నేను కార్డు పిడికిట్లో పట్టుకునే కుర్చీ తోశాను.

మిగతా ప్రయాణమంతా పెద్ద మామా నా పేరు సాధన చేసింది. అన్నం తింటూ ఒకసారి, నూనె రాయించుకుంటూ ఒకసారి. మధ్యలో ఒక అక్షరం ఆవిడ నాలుక మీద నిలిచేది కాదు. కోపమొచ్చి తనని తానే తిట్టుకునేది. తర్వాతి రేవుల్లో దిగినప్పుడు మామా చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయేది. కార్డు నా దగ్గరే ఉండిపోయింది.

కువైట్‌లో దిగాం. ముద్ర పడింది. మామా చెయ్యి చాపింది, ఈసారి పూర్తిగా. నేను పాస్‌పోర్టు అందులో పెట్టాను. ఇవ్వనంటే అక్కడ నిలబడి మాట్లాడాలి. రెండు విమానాలు మారి, కుర్చీ తోసి, నిద్రపోయిన చిన్నపిల్లని భుజాన మోసి, నా కాళ్లు అప్పటికే వాచిపోయి ఉన్నాయి. ఎంత అలిసిపోతే మనిషి అలా ఇచ్చేస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఓడ కార్డు మాత్రం ఎవరూ అడగలేదు. దానితో ఇంక ఏ తలుపూ తెరుచుకోదు గదా. నా పెట్టెలో ఉంది.

మర్నాడు వెనక గేటు దగ్గర డ్రైవరు కాచుకుని ఉన్నాడు.

“ఎట్లుండె అక్కా షిప్పు? ఆడ దొంగలుంటరంట గదా, భయం గాలేదా?”

“దొంగలెవ్వరూ కనపళ్లేదు తమ్ముడూ. నన్నే దొంగనుకున్నారు,” అని జరిగింది చెప్పాను.

నవ్వబోయి ఆపుకున్నాడు. కాసేపు చెప్పుతో నేల రాసి, “అవునక్కా, ఇన్నేండ్లాయె, నీ అసలు పేరు నేను గూడ అడగలే. ఏం పేరు?” అన్నాడు.

చెప్పాను.

“మా మేనత్త పేరు గూడ గదే,” అన్నాడు సంబరంగా. ఆ తర్వాత కూడా అక్కా అనే పిలిచాడు. అది నాకు బాగానే ఉంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కుళాయి పారుతోంది. ఎక్కడో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. పక్క విల్లాలోనేమో అనుకున్నాను. మళ్లీ వినిపించింది. డ్రైవరు ఫోన్‌లో ఏదో చూస్తున్నాడనుకున్నాను. మూడోసారి ఆ పిలుపు మెల్లగా, ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి వచ్చింది. నేను బియ్యంలో నీళ్లు వంపుతూనే ఉన్నాను. తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు.

అప్పుడు పెద్ద మామా గదిలోంచి ముందావిడ పేరు వినిపించింది. వెంటనే “వస్తున్నా” అని తడి చేతులతోనే పరుగెత్తాను.

గుమ్మంలోకి వెళ్లాక గానీ నాకు అర్థం కాలేదు. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతిలో ఖర్జూరం పట్టుకుని ఉంది. మొహం చిన్నబోయింది.

“నీ పేరుతో పిలిచాను. నువ్వు రాలేదు,” అంది. “తప్పు పలికానా?”

ఆవిడ తప్పు పలకలేదు. ఆ కష్టమైన అక్షరంతో సహా సరిగ్గానే పలికింది. కుళాయి చప్పుడులో వినపడలేదు అన్నాను. నా అరబ్బీలో అంతకంటే వివరంగా చెప్పలేను, తెలుగులోనైనా చెప్పగలనో లేదో తెలియదు. ఆవిడ తలాడించి ఖర్జూరం నా చేతిలో పెట్టింది. మళ్లీ ఎప్పుడూ ఆ పేరు ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.